వంకర ఫ్రేములు ముందు

"ఉతికిన బట్టలు మడతపెట్టుకుందామంటే చోటు లేకుండా చేశావు కదరా," అని అత్తగారు మళ్లీ విసుక్కుంది. భోజనాల బల్ల నిండా కొడుకు పరిచిన అట్టలు, స్కేలు, రంగు పెన్సిళ్లు. "పరీక్ష రాసేది కోడలు. మధ్యలో నీకెందుకీ హడావిడి?"

"నువ్వూరుకోమ్మా. కిందటేడు లెక్కల్లోనే కదా దెబ్బతింది. అందుకే ఈసారి పొద్దున లెక్కలు, సాయంత్రం లెక్కలు," అన్నాడాయన, తల ఎత్తకుండా గీతలు గీస్తూ.

"మధ్యాహ్నం లెక్కలకి సెలవా నాన్నా?" అంది కూతురు. నోరు మూతపడదు గనక ఇంట్లో దాన్ని పిచ్చుక అంటారు.

 బల్ల మీద చోటు లేక కోడలు దుప్పటిని ఒళ్లో పెట్టుకుని మడతపెడుతోంది.

ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. విరిగి అతికిన చేతుల్ని, బిగుసుకుపోయిన మోకాళ్లని మళ్లీ దారికి తెచ్చే పని. పీజీ చెయ్యాలని ఏనాటి నుంచో కోరిక. నలభై దాటితే ఆసుపత్రి వాళ్లు చదువుకి సెలవివ్వరు. ప్రవేశ పరీక్ష రాయడానికి ఆమెకి మిగిలింది ఈ ఒక్క ఏడాదే. అందులో సొంత సబ్జెక్టుతో పాటు లెక్కలూ ఉంటాయి.

ఆయనది కళ్లద్దాల దుకాణం. పొద్దున్నే వంకరపోయిన ఫ్రేములు ముందేసుకుని కూర్చుంటాడు, బాగున్నవాటి జోలికి పోడు. కిందటేడు భార్య చదువునీ అలాగే పట్టిక గీసి సర్దాడు. రాని లెక్కలు ముందు, వచ్చిన సబ్జెక్టు చివర. "అది నీకు కొట్టినపిండి. ఆఖర్న ఓ చూపు చూస్తే చాలు," అన్నాడు. ఆ ఆఖరు రానే లేదు. ఉన్న రోజులన్నీ లెక్కలే మింగేశాయి.

పరీక్ష హాల్లో భుజం గురించిన ప్రశ్న దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. రోజూ తన చేతులు చేసే పనే. పుస్తకంలో దాన్నేమంటారో ఎంతకీ గుర్తుకు రాలేదు. తీరా చూస్తే లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి, పోయింది సొంత సబ్జెక్టులో. సీటు రాలేదనగానే ఆయన "పాడు లెక్కలు!" అన్నాడు. ఆమె అవునంది. ఆడపడుచు ఫోన్ చేస్తే ఆవిడకీ అదే చెప్పింది. చేతిలో ఉన్న విద్యలో తప్పానని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

అయినా ఇన్నాళ్లూ ఆమెని తొలుస్తున్నది అది కాదు. ఆ పట్టిక తనకి పనికిరాదని మొదటిరోజే తెలుసు. తెలిసినదాన్ని ఎవరికైనా పైకి చెబుతూ, అందులోంచి తెలియనిదానిలోకి దిగడం ఆమె తీరు. డిగ్రీ అంతా స్నేహితురాళ్లకి పాఠాలు చెప్పే గట్టెక్కింది. అన్నీ తెలిసి తలూపింది. పాపం, ముచ్చటపడి గీస్తున్నాడు కదా అని సర్దిచెప్పుకుంది గానీ, లోపల ఉన్నది వేరు. పరీక్ష పోతే ఆయన ప్లాను పోయినట్టు, తను పోయినట్టు కాదు. ఆ వెసులుబాటు అప్పుడెంత హాయిగా ఉందో! ఆ హాయి కోసం ఓ ఏడాదిని చేజేతులా పారేసుకుంది.

"ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉంది. అక్కడా లెక్కలే వేసేద్దామా?" అన్నాడాయన.

"ఆ పెన్సిలు కాస్త కింద పెట్టండి."

గొంతులో ఏం వినిపించిందో, వెంటనే పెట్టేశాడు.

"కిందటేడు నేను లెక్కల్లో పోలేదు. నా సబ్జెక్టులోనే పోయాను."



"మరి చెప్పలేదేం?" అన్నాడాయన.

"మీరు మార్కులు అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరికీ అదే తేలికైంది."

"అంటే... నేనే చెడగొట్టానన్నమాట."

"తలూపింది నేను కదండీ."

"అయిందేదో అయింది," అంది అత్తగారు. "ఇప్పుడేం చేస్తావో చెప్పమ్మాయ్."

ఆమె దుప్పటి పక్కన పెట్టి ముగ్గురి వంకా చూసింది.

"లెక్కలు వచ్చినంత వచ్చాయి, మళ్లీ ముట్టుకోను. రేపటి నుంచి నా సబ్జెక్టే చదువుతాను, పైకి చెబుతూ. సాయంత్రాలు ఇల్లంతా గోలగా ఉంటుంది, మీరంతా భరించాలి. సీటు రాకపోతే ఎవరడిగినా నా చదువు చాల్లేదనే చెప్పండి. లెక్కల మీదికి మాత్రం నెట్టకండి."