నున్నగా లేని అంచు

మానవపాడులో మిర్చి పండించే తిమ్మప్పకు నలభై రెండేళ్లు. రెండు వేల ఏడు ఎండాకాలంలో కుడి డొక్కలో నొప్పి మొదలైంది. కర్నూలు డాక్టరు చెప్పగా భార్య విజయమ్మతో హైదరాబాదు దవాఖానకు వచ్చాడు. సూదిమందు ఎక్కించి కాలేయానికి స్కానింగ్ తీశారు. మర్నాడు ఆపరేషన్ డాక్టరు విజయమ్మ ఒక్కదాన్నే లోపలికి పిలిచి, ఫిల్మును వెలుగుకు పెట్టి చూపించాడు.

"ఇదమ్మా గడ్డ. అంచు నున్నగా ఉంటే మాకు కొంత ధైర్యం. దీని అంచు ఎగుడుదిగుడుగా ఉంది. ఇలాంటివి నెత్తురు నాళాల్లోకి పాకే మొండి రకం కావచ్చు."

"కోయకముందే ఎట్ల తెలుస్తది సారూ?"

"ఇప్పటికి అనుమానమే. తీసి పరీక్ష చేస్తేనే ఖాయం. నిజమైతే మాత్రం ఆపరేషన్ చేసినా ఏడాదిలోపే మళ్లీ రావచ్చు."

"చెయ్యకపోతే?"

డాక్టరు ఫిల్ము తీసి కవరులో పెట్టాడు. "ఇంకా తొందరగా ప్రాణం మీదికొస్తుంది, తల్లీ."

ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ ఆమె కాగితం మీద వేలిముద్ర వేసింది. వెయ్యక ఏం చేస్తుంది? బయట బెంచీ మీంచి తిమ్మప్ప లేచి నిలబడ్డాడు.

"ఏమన్నడే?"

"తీసేస్తరంట. తక్కువైతదంట."

అతని మొహం విప్పారింది. మళ్లీ రావచ్చన్న మాట ఆమె దాచింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. పది రోజులకు వచ్చిన రిపోర్టు మాత్రం డాక్టరు భయపడ్డదే నిజమంది. తిమ్మప్ప ఆ సంగతి ఎరగడు. ఆ వానాకాలం గట్టు మీద కూర్చొని, కూలీలను హుషారు చేస్తూ మిర్చి నారు నాటించాడు. అతను నవ్వినప్పుడల్లా విజయమ్మ ఏదో పని కల్పించుకొని పక్కకు పోయేది.

దీపావళి దాటేసరికి కడుపు ఉబ్బింది. కొత్త స్కానింగులో కాలేయం నిండా మచ్చలు. ఈసారి డాక్టరు అతని ముందే అన్నాడు, "మొదటి ఫిల్ము చూసి భయపడ్డదే జరిగిందమ్మా."

ఇంటికొచ్చాక తిమ్మప్ప అడిగాడు.

"ముందే ఎర్కనా నీకు?"

"ఎర్కనే."

"చెప్తే ఏమైతుండె? అయిజల ఉన్న అక్కను చూసొస్తుంటి గదనే. కాళ్లు ఆడినప్పుడే పోయి, తప్పు నాదేనని చెప్పొస్తుంటి."

భూమి పంపకంలో కొట్లాడి, అక్క కిష్టమ్మతో అతనికి ఆరేళ్లుగా మాటల్లేవు. మర్నాడు పొద్దున్నే విజయమ్మ అయిజకు జీపు మాట్లాడి, వెనక బొంత పరిచి అతన్ని పడుకోబెట్టింది. శాంతినగర్ చేరకముందే అతనికి ఊపిరి అందలేదు. గుంత గుంతకూ మూలిగాడు.

"ఇంకెంత దూరముందే?"

"దగ్గర్కొచ్చినం." సగం కూడా రాలేదు.

"ఎనక్కి మలపమను. నాతోని కాదు."

డ్రైవరు జీపు ఆపి వెనక్కి చూశాడు. విజయమ్మ రోడ్డు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. మలపమని చేత్తోనే చెప్పింది.