రెండో పిడికెడు

కోవూరు మేస్త్రి కృపాదానం గోడ ఒక వరస లేపేలోపు తన గొప్పలు నాలుగు వరసలు లేపేవాడు. అలాంటివాడు పంతొమ్మిదివందల అరవైరెండులో తల ఎత్తుకోలేని పని చేశాడు.

ప్రార్థన మందిరానికి తాటాకు తీసేసి కాంక్రీటు పలకలు పరవాలని సంఘం అనుకుంది. ఉన్నవి మట్టిగోడలు, బరువు మోయలేవు. సత్తుగిన్నెలకు మాట్లేసే దరియావలి ఒక ఉపాయం చెప్పాడు. గిన్నెల్ని ఆకురాయితో రుద్దినప్పుడు రాలే సత్తుపొడి, అంటే అల్యూమినియం పొడి, సున్నం, సిమెంటుతో కలిస్తే బుడగలు లేస్తాయి. ఆ బుడగలతోనే గట్టిపడిన పలక తేలిగ్గా ఉంటుంది. తట్ట సిమెంటుకు పిడికెడు పొడి చాలు.

పెద్దలకు చూపించే పలక పోసేనాడు కృపాదానానికి ఆశ పుట్టింది. పిడికెడుకే ఇంత తేలికైతే రెండు పిడికిళ్ళకు దూదే కదా! ఇంకో పిడికెడు వేశాడు. అది పులిసిన పిండిలా పొంగి అచ్చు దాటింది. ఆరాక సంఘపెద్ద సమాధానం గారు చేత్తో ఎత్తగానే పొడిపొడిగా రాలింది.

"ఏందిది కృపాదానం?"

ఆలోచన కన్నా ముందు అబద్ధమే వచ్చింది. "పొడిలో జిడ్డు ఉన్నిందయ్యా. వలీ కడక్కుండా తెచ్చినాడు."

దరియావలి అక్కడే ఉన్నాడు. "కడిగి తెస్తానయ్యా. ఇంకొక్కసారి పోయనీండి" అన్నాడు, అంతే.

వారం రోజులు అతని భార్య నాగూర్‌బీ కుంకుడు రసంలో పొడి కడిగింది. ఈసారి కృపాదానం పిడికెడే వేశాడు. ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడినా పలక చెక్కుచెదరలేదు. పెద్దలు మేస్త్రిని మెచ్చుకుని పని అప్పగించారు. "చూసినావా, కడిగితే ఎంత తేడానో!" అని దరియావలికి బుద్ధి చెప్పి మరీ వెళ్ళారు. అబద్ధం కాస్తా నిజమై కూర్చుంది.

కృపాదానానికి అన్నం సయించలేదు. సాయంత్రం దరియావలి ఇంటికి వెళ్ళాడు. నాగూర్‌బీ మంచినీళ్ళ చెంబు అందించింది. ఆమె వేళ్ళ నిండా సన్నటి కోతలు. ఆ చేతుల్లోంచి చెంబు తీసుకోవడానికి అతనికి సిగ్గేసింది.

"వలీ, తప్పు నాది. ఆ పొద్దు రెండు పిడికిళ్ళు వేసినాను."

"తెలుసన్నా. నా ఎదురుగానే గదా వేసినావు."

"మరి చెప్పలేదేందిరా?"

"పొడిలో తప్పుంటే కడగొచ్చు. నీలో తప్పుందంటే ఇంకో పలక పోయనిస్తారా?"

కృపాదానం లేచాడు. చెంబు అరుగు మీద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా సమాధానం గారి ఇంటి దారి పట్టాడు.