ప్రార్థన కప్పలు

తార్నాకలో పేరయ్య గారి ముందుగదిలో ప్రతి ఆదివారం తొమ్మిదింటికి ప్రార్థన కూటం జరిగేది. ఎనిమిదిన్నరకే ప్రమీలమ్మ వచ్చి ఇల్లు ఊడ్చి, చాపలు పరిచి, హార్మోనియం మీది గుడ్డ తీసి, మూత ఉన్న వెదురుబుట్ట ఒకటి పక్కన పెట్టుకుని గోడవారన కూర్చునేది. పాటలు అయ్యేవి. వాక్యం చదవడం అయ్యేది. అప్పుడు సంఘపెద్ద పేరయ్య గారు లేచి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ చాచి ప్రార్థన మొదలుపెట్టేవారు. ఆయన ప్రార్థన చేస్తుంటే నోట్లోంచి కప్పలు పడేవి.

మొదట చిన్నవి పడేవి, గోలీకాయంత. "ఈ దీనుణ్ణి, ఈ అయోగ్యుణ్ణి నీ పాదధూళిగా ఎంచి" అని గొంతు వణికించే సమయానికి అరచేతి వెడల్పు బోదురుకప్పలు దిగేవి. అవి ఆయన తెల్లపంచె మీద పడి, జారి, చాపల మీదికి గెంతేవి. ఆడవాళ్లు కళ్లు తెరవకుండానే చీర కుచ్చిళ్లు పాదాల కిందికి దోపుకునేవారు. మగవాళ్లు కాళ్లు దగ్గరికి ముడుచుకునేవారు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. వానాకాలం ఇల్లు కారితే కింద గిన్నె పెట్టినట్టు, ప్రమీలమ్మ వంగి వంగి ఒక్కొక్కదాన్నీ పట్టి బుట్టలో వేసేది.

మామూలు కప్ప పట్టుకుంటే చల్లగా ఉంటుంది. ఇవి వెచ్చగా ఉండేవి. ఒంటినిండా తీగలు సాగే ఎంగిలి. పేరయ్య గారు పొద్దున తాగిన కాఫీ వాసన. ఇంటికి పోయి బట్టల సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నా ఆ వాసన పోయేది కాదు. ఆదివారం మధ్యాహ్నం ఆమె అన్నం తినలేకపోయేది.

సోమవారం ఆ బుట్ట యూనివర్సిటీకి పోయేది. ప్రమీలమ్మ అక్కడ జువాలజీ డిపార్ట్‌మెంటులో అటెండరు. కప్పల్ని వెనక సిమెంటు తొట్టిలో వదిలితే, వారమంతా బీఎస్సీ పిల్లలు వాటికి క్లోరోఫాం పట్టి, మైనపు ట్రేల మీద వెల్లకిలా పరిచి, కాళ్లకు గుండుసూదులు గుచ్చి కోసేవారు. హెడ్డు విశాలాక్షి మేడమ్ తొట్టిలోకి చూసి "ఈ వారం మంచి సైజు వచ్చాయి" అనేవారు. పని అయ్యాక పేగులు, చర్మాలు ఎత్తిపోసి ట్రేలు కడగడం ప్రమీలమ్మ పని. అది ఆమెకు రోత అనిపించేది కాదు. చచ్చినవి ఎవర్నీ మోసం చెయ్యవు.

పేరయ్య గారు ఆ డిపార్ట్‌మెంటులోనే స్టోర్సు సూపరింటెండెంటు. ఆరేళ్ల కిందట ప్రమీలమ్మ పెనిమిటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ కింద పడి పోయినప్పుడు, ఆమెను తీసుకొచ్చి ఈ నౌకరిలో పెట్టింది ఆయనే. కనక తన రోతను ప్రమీలమ్మ పాపం కిందే లెక్కేసుకుంది. రోజూ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "ప్రభువా, పెద్దమనిషి మీద నాకు ఈ రోత ఏంది? నా కడుపుల నుంచి ఇది తీసెయ్యి" అని అడిగేది. అది తీరేది కాదు.

అరవై ఎనిమిది జూలైలో డిపార్ట్‌మెంటులో ఒక మైక్రోస్కోపు పోయింది. కొత్తది, జర్మనీ నుంచి వచ్చింది, ఎర్రచెక్క పెట్టెలో ఉండేది. స్టోర్సుకు తాళంచెవులు రెండే. ఒకటి పేరయ్య గారి జేబులో ఉంటే, రెండోది చౌకీదారు బుచ్చిరాములు మొలతాడుకు వేలాడేది. బుచ్చిరాములు భువనగిరి దిక్కు రైతుబిడ్డ. కరువులో భూమి వదిలి పట్నం వచ్చి పద్దెనిమిదేళ్లుగా ఆ గేటు దగ్గర ఉన్నాడు. డిపార్ట్‌మెంటు వెనక రేకుల గదిలో అతనూ, భార్య బుచ్చవ్వా ఉండేవారు. మిగతా అటెండర్లు ప్రమీలమ్మ గ్లాసును తమవాటితో కలపకుండా వేరే గూట్లో పెట్టేవారు. బుచ్చిరాములు మాత్రం ఆమె కుండలో నీళ్లు ముంచుకుని, "చెల్లే, జర సల్లగున్నయ్" అంటూ తాగేవాడు.

మైక్రోస్కోపు పోయిన మూడో రోజుకే పేరయ్య గారు మేడమ్ గదిలో నిలబడి, "నేను ఎవరి మీదా నింద వేసేవాణ్ణి కాదండీ. రెండో తాళం ఎవరి దగ్గరుందో మీకే తెలుసు" అన్నారు.

ఆ ఆదివారం ప్రమీలమ్మ చీపురు పట్టుకుని పేరయ్య గారి లోపలిగది ఊడుస్తుంటే మంచం కింద ఏదో తగిలింది. వంగి చూసింది. ఎర్రచెక్క పెట్టె. వారానికి రెండుసార్లు ఆమె స్వయంగా దుమ్ము తుడిచిన పెట్టె, ఇత్తడి గొళ్లెం పక్కన చిన్న పగులుతో సహా. తల ఎత్తేసరికి గుమ్మంలో పేరయ్య గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు.

"ఏం చూశావు ప్రమీలమ్మా?"

ఆమె చీపురు కింద పెట్టింది. "పెట్టె సారు."

"మా అల్లుడు బౌద్ధనగర్‌లో రక్తపరీక్షలు చేసే గది పెట్టుకుంటున్నాడు. అందుకోసం తెప్పించుకున్నాడు."

"పగులు గూడ అదే ఉన్నది సారు."

పేరయ్య గారు కోపగించుకోలేదు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, అనాథకు బుద్ధి చెప్పే తండ్రిలా మాట్లాడారు. "బుధవారం మేడమ్ అందర్నీ పిలిచి అడుగుతుంది. నిన్ను అబద్ధం ఆడమనడం లేదు, అలాంటి మాట నా నోట రాదు. నాకు తెలియదు అను, చాలు. అన్యుల మధ్య బతుకుతున్నాం మనం. మనవాళ్లే మన పరువు తీసుకుంటే సంఘం సాక్ష్యం ఏమవుతుంది? ఆలోచించు. ఆ బుచ్చిరాములుకి ఊళ్లో అన్నదమ్ములున్నారు. నీకెవరున్నారు?" అని, ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నారు. ఆ మాటతో పాటే కప్పపిల్ల ఒకటి ఆయన పెదవి దాటి ఆమె భుజం మీద పడింది. ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుని ముందుగదిలోకి నడిచారు.

బుధవారం మేడమ్ గదిలో అందరూ వరసగా నిలబడ్డారు. పేరయ్య గారు కుర్చీలో కూర్చున్నారు. బుచ్చిరాములు తలపాగా తీసి చేతిలో పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"ప్రమీలమ్మా, స్టోర్సు ఊడ్చేది నువ్వు. ఆ పెట్టె గురించి నీకేమైనా తెలుసా?" అని మేడమ్ అడిగారు.

ప్రమీలమ్మ నేల చూసింది. తన నౌకరి, దాని మీద నడిచే ఇల్లు, ఆదివారం తను కూర్చునే గోడవార చోటు, చనిపోయాక తన శవపెట్టె మోసే నలుగురు, అన్నీ ఆ కుర్చీలోని మనిషి చేతిలోనే ఉన్నాయనిపించింది.

"నాకు తెల్వదమ్మా."

బుచ్చిరాములును నౌకరిలోంచి తీసేస్తున్నట్టు, శనివారంలోగా రేకుల గది ఖాళీ చెయ్యాలని మేడమ్ చెప్పారు. బయట వరండాలో ప్రమీలమ్మ అతన్ని తప్పించుకుని పోబోయింది. అతనే ఆగాడు.

"నీకు తెల్వకపోతే తెల్వదనే అంటవు గద చెల్లే. నువ్వేం జేస్తవు? బాధపడకు," అన్నాడు.

ఆమె ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. తలుపులోంచి ఎండ నేరుగా పొయ్యి మీద పడుతోంది. అన్నం వండుకుని, కంచంలో పెట్టుకుని, పప్పు పోసుకుంది. రోజూలాగే కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ అన్నం ఇచ్చినందుకు" అంది. నాలుక కింద ఏదో కదిలింది. పళ్లు గట్టిగా కరిచిపట్టింది. లోపల అది కాళ్లు తన్నుకుంది. ఊపిరి ఆడక నోరు తెరిచింది. కప్ప వచ్చి కంచంలో పడింది.

చిన్నదే, ఆకుపచ్చది. వీపుకు రెండు మెతుకులు అంటుకున్నాయి. పప్పులో కూర్చుని గొంతు ఎగరేస్తూ ఆమెను చూసింది. ప్రమీలమ్మకు కప్ప కొత్త కాదు. అది తన నోట్లోంచి రావడమే కొత్త. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. తను మధ్యాహ్నం తిన్న ఉల్లిగడ్డ వాసన వేసింది. ఆమె దాన్ని కింద వదిలేసింది. గుమ్మం బయటికి పరిగెత్తి, ఇంకా అన్నం ముట్టకపోయినా కక్కింది.

నోరు పుక్కిలించి వచ్చి మళ్లీ కూర్చుంది. "ప్రభువా" అని ఊరుకుంది. ఇంకోటి పడింది. "క్షమించు" అంది. ఆ మాటకూ ఒకటి పడింది. క్షమించమనడం కూడా అబద్ధమేనని, రేపు పొద్దున కూడా తను తెలియదనే అంటుందని అప్పుడు ఆమెకు అర్థమయింది. ఆరేళ్లుగా ఏ రోతను తీసెయ్యమని దేవుణ్ణి బతిమాలిందో ఆ రోత ఎన్నడూ తప్పు చెప్పలేదు. దాని మాట వినకుండా బుట్ట పట్టుకుని కప్పలు ఏరింది తనే. మూడు కప్పల్నీ వాకిట్లో మురుగు పారే మోరీలో వదిలి, అన్నం పారబోసి, బాప్తిస్మం పుచ్చుకున్న తర్వాత మొదటిసారి ప్రార్థన లేకుండా పడుకుంది.

గురువారం పొద్దున మేడమ్ ఇంకా సంచి కింద పెట్టకముందే ప్రమీలమ్మ ఆమె గదిలోకి వెళ్లింది.

"నిన్న అబద్ధం చెప్పిన అమ్మా. పెట్టె పేరయ్య సారు ఇంట్ల మంచం కింద చూసిన. అల్లునికి ఇచ్చిండు."

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆయన మీ సంఘపెద్ద. నీకు ఉద్యోగం ఇప్పించిన మనిషి. ఆలోచించుకునే చెప్తున్నావా?"

"ఆలోచించుకునే నిన్న తెల్వదన్న అమ్మా. ఇయ్యాల ఆలోచించలే."

"కాగితం మీద రాసి ఇవ్వాలి మరి. వేలిముద్ర వేస్తావా?"

"సంతకమే పెడ్త. మెదక్ల మిషన్ బడిల అయిదు చదివిన."

బౌద్ధనగర్‌లో ఆ గది తాళం తీయించి చూస్తే మైక్రోస్కోపు బల్ల మీదే ఉంది. కింద చెక్కిన నంబరు రిజిస్టరులో నంబరుతో సరిపోయింది. పేరయ్య గారు రిపేరు కోసం తీసుకెళ్లానని రాసిచ్చారు. పైవాళ్లు ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టి, ఆయన్ను పరీక్షల విభాగానికి మార్చారు. అక్కడ ఫ్యాను ఉన్న గది ఇచ్చారు. అది విన్నప్పుడు మేడమ్ బల్ల మీది కాగితాలు పక్కకు తోసి, "ఛీ" అన్నారు, అంతే. బుచ్చిరాములును తీసేసిన ఉత్తరువు మాత్రం రద్దయింది. శనివారం నాటికి కట్టిన మూటలు బుచ్చవ్వ మళ్లీ విప్పుకుంది.

ఆదివారం ప్రమీలమ్మ ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకు తార్నాక వెళ్లింది. చాపలు అప్పటికే పరిచి ఉన్నాయి. ఆమెను పొమ్మని ఎవరూ అనలేదు. గోడవార ఆమె చోటులో మాత్రం ఎవరో హార్మోనియం పెట్టారు. ఆమె గడప దగ్గర కూర్చుంది. పక్కనున్న ఆడమనిషి కొంగు లాక్కుని జరిగింది.

పేరయ్య గారు లేచారు. "తండ్రీ, నన్ను నిందలపాలు చేసినవారిని నేను క్షమించేశాను, నీకు తెలుసు" అంటూ ఏడ్చారు. అన్ని కప్పలు ఎన్నడూ పడలేదు. ఒకదాని మీద ఒకటి, నల్లవి, బురదరంగువి, వీపు మీద పుండ్ల వంటి కాయలున్నవి. పెద్దవాళ్ల ఒళ్లోకి, పసిపిల్లల మెడల్లోకి, హార్మోనియం మెట్ల సందుల్లోకి దూరాయి. అందరూ కళ్లు మూసుకుని, "అవును తండ్రీ" అంటూనే కాళ్లు ముడుచుకున్నారు. ప్రమీలమ్మ వచ్చి ఏరాలని ఒకరిద్దరు రెండుసార్లు గొంతు సవరించారు. ఆమె వంగలేదు. ఒకామె జడ మీద కప్ప కూర్చుని ఉంది. ఆమె దాన్ని విదిలించుకోకుండా "ఆమేన్" అంది. ఆ గదిలో ఉన్నవాళ్లంతా ఆరేళ్లుగా తనకు తెలిసినవాళ్లే. వాళ్ల మొహాలు చూస్తుంటే ప్రమీలమ్మకు వాంతి వచ్చేటట్టయింది. లేచి, చెప్పులేసుకుని బయటికి నడిచింది.

ఎటు పోవాలో తెలియక అలవాటు మీద కాళ్లు యూనివర్సిటీ దారి పట్టాయి. సెలవురోజు. రోడ్డు మీద ఎవరూ లేరు. డిపార్ట్‌మెంటు వెనక రేకుల గది ముందు బుచ్చవ్వ సొరకాయ తరుగుతూ కనిపించింది.

"ఒదినె, ఇయ్యాల మీ పార్థన లేదా?"

"నేను వచ్చేసిన బుచ్చవ్వా."

బుచ్చవ్వ పీట జరిపింది. కూర ఉడికేదాకా కూర్చోబెట్టి, ముగ్గురికీ ఆకులు వేసింది. బుచ్చిరాములు వచ్చి కూర్చున్నాడు. ప్రమీలమ్మ ఏం చేసిందో అతనికి మేడమ్ చెప్పారు.  అతను ఆమె ఆకులో కూర తన చేత్తో వేశాడు. తరవాత ఇద్దరూ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగారు.

"తినుండ్రి," అంది ప్రమీలమ్మ.

"తినేముందు నువ్వేదో అంటవు గద. అను," అన్నాడు బుచ్చిరాములు.

ఆమె బుధవారం నుంచి నోరు తెరిచి ప్రార్థన చెయ్యలేదు. వీళ్ల ఆకుల్లో ఏది పడుతుందోనని భయం వేసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈ అన్నం కొరకు. ఈ ఇంటి కొరకు." ఆగింది. ఏమీ కదల్లేదు. లోపల ఇంకో మాట ఉంది. అది రావడానికి ఒప్పుకోవడం లేదు. ఆ పేరు తలుచుకుంటేనే నోట్లో కాఫీ వాసనా, ఎంగిలి జిగురూ వచ్చాయి. రోత అంతా అలాగే ఉంది, ఇసుమంత తగ్గలేదు. పళ్లు కొరుక్కుని అంది: "ఆ పేరయ్యను చూస్తె నాకు వాంతి అయితది. నాతోని అయితలేదు. నువ్వే ఆయనను మంచిగ చెయ్యి."

అడ్డం పెట్టుకున్న అరచేతికి తన ఊపిరి మాత్రమే తగిలింది.

"అయిందా?" అంది బుచ్చవ్వ. "సల్లారుతున్నది ఒదినె, తిను."

ఆదివారం మధ్యాహ్నం ప్రమీలమ్మ కడుపునిండా తినడం ఆరేళ్లలో అదే మొదలు.