పార్కరమ్మగారి సమాధికి సున్నం

"తెల్లపొడి పట్టుకుని లండన్ ఎయిర్‌పోర్టులో దిగితే ముందు నన్ను లోపలేస్తారమ్మా," అన్నాడు వీరాస్వామి, అది మూడోసారి. సూట్‌కేసులోంచి సున్నం పొట్లం తీసి సోఫా మీద పెట్టాడు. అతని తల్లి సూసన్ దాన్ని మళ్ళీ తన చీరల మధ్య దూర్చింది.

శుక్రవారం ఆరాధన నుంచి వచ్చినప్పటి నుంచీ మస్కట్‌లో, వాడి కబీర్ పేటలోని వాళ్ళ ఫ్లాట్‌లో ఇదే నడుస్తోంది. ఇంకో తొమ్మిది రోజుల్లో ఇంటిల్లిపాదీ ఇంగ్లండు చూడబోతున్నారు. పదో తరగతి ముగించిన అతని కూతురు కెజియా ప్రయాణం ప్లానంతా తనే కూర్చుని వేసింది. రెండు కోటలు, రోమన్ల కాలపు స్నానశాల, తేనెరంగు రాతి ఇళ్ళున్న పాత పల్లెలు. ఆ పల్లెల్లో ఒకదాంట్లో, చర్చి వెనక, పార్కరమ్మగారి సమాధి ఉంది.

తల్లి లేని సూసన్‌ను నరసాపురం దగ్గర మిషన్ బోర్డింగులో పెంచింది ఆవిడే. తలలో పేలు తీసింది, కుట్టుపని నేర్పింది. సూసన్‌కు పదిహేడేళ్ళప్పుడు జబ్బుచేసి తన దేశం వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. కిందటేడు కెజియా ఇంటర్నెట్లో ఆ సమాధి ఫొటో వెతికి చూపించింది. ఒక పక్కకి ఒరిగిన రాయి, పేరు మీదుగా పసుపూ బూడిదా కలిసిన పాచి. అది చూసి సూసన్ రెండు రోజులు సరిగా తినలేదు. నవంబరు రెండున, సమాధుల పండక్కి, వాళ్ళ వైపు ఎంత లేనివాళ్ళైనా సమాధి కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగిస్తారు. సున్నం పడని సమాధి అంటే ఎవరూ లేని మనిషిదని లెక్క.

సున్నమూ కుంచే కొనిచ్చింది కోడలు మణికుమారే. బౌషర్‌లో హాస్పిటల్ డ్యూటీ దిగి వస్తూ ముర్తుజా కొట్లో తీసుకుంది. సున్నం ఎందుకు, ఇల్లు ఖాళీ చేసేముందు గోడలకు వేస్తున్నారా అని అతను అడిగితే అవునంది. భర్తకు మాత్రం చెప్పలేదు. ఇప్పుడు వంటింట్లో కోడికూర కలుపుతూ, తన పేరు ఎప్పుడు బయటికొస్తుందా అని వింటోంది.

బయటికొచ్చింది వేరే మాట.

"మామ్మా, ఒకటి చెప్తా, బాధపడకూడదు," అంది కెజియా. ఆ పల్లె చర్చివాళ్ళకు తను మెయిల్ పెట్టిందట, నిన్న జవాబొచ్చింది. రమ్మన్నారు, పూలు పెట్టుకోమన్నారు. రాయి మాత్రం కడగొద్దన్నారు, రంగూ సున్నమూ అసలే వద్దన్నారు. ఆ పాచి పెరగడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుందట. దాన్ని చూడ్డానికే కొందరు వస్తారట.

"పాచిని చూడ్డానికా?"

"వాళ్ళకి అదే అందం మామ్మా."

వీరాస్వామి ముఖం తేలికపడింది. ఎవరి పద్ధతి వాళ్ళదని తల్లికి నచ్చజెప్తూ పొట్లం తీసి చెప్పుల స్టాండు మీద పెట్టాడు. ఈసారి సూసన్ దాని జోలికి పోలేదు.

అన్నాలకు కూర్చున్నాక ఆవిడ కెజియాను తాతయ్య సమాధి ఫొటో ఏమైనా ఉందా అని అడిగింది. ఒకటుంది. కిందటి నెల ఊళ్ళో ఎవరో పోతే పెంచలయ్య బాబాయి పంపిన ఫొటోలో, జనం వెనక, ఒక మూలకి పడింది. పగిలిన సిమెంటు, మోకాలెత్తు గడ్డి, పేరుండాల్సిన చోట నల్లటి పాచి.

భర్త పోయిన మొదటి ఏడు సూసనే దగ్గరుండి సున్నం వేయించింది. తర్వాత మస్కట్ వచ్చింది. ఒక నవంబరులో కెజియా తమ్ముడు ప్రీతమ్‌కు ఆటలమ్మ. ఇంకో నవంబరులో మణికుమారికి ఆపరేషన్. పోయిన నవంబరులో అసలెవరికీ గుర్తులేదు. ప్రతి ఏడూ వీరాస్వామి పెంచలయ్యకు ఫోన్ చేసి చెప్పేవాడు, పెంచలయ్య అలాగే అనేవాడు. ప్రీతమ్ స్కూలు బస్సు రెండింటికి వస్తుంది, మణికుమారి ఇల్లు చేరేసరికి నాలుగవుతుంది. ఆ రెండు గంటల కోసమే అత్తయ్యను ఊరెళ్ళకుండా ఎప్పటికప్పుడు ఆపుతూ వచ్చామని మణికుమారికి తెలుసు. ఆమె కంచంలోంచి తలెత్తలేదు.

ఆ ఫొటో ఉన్న ఫోన్‌ను సూసన్ కొడుకు ముందుకు జరిపింది.

"వాళ్ళకి పాచి అందం. సరే. మనకేంట్రా అబ్బాయ్?"

వీరాస్వామి ముద్ద పట్టుకుని ఆగిపోయాడు. టిక్కెట్లు తీసేశాం కదా, ఇంగ్లండు నుంచి రాగానే చూద్దాం, క్రిస్మస్‌కి అందరం కలిసి వెళ్దాం అన్నాడు.

సూసన్ ప్రీతమ్ కంచంలో పెరుగు వేసి, చెంచా గిన్నెలో పెట్టింది.

"నేను ఇంగ్లండు రావట్లేదు. మీరెళ్ళి చూసి రండి. కెజియా, అమ్మగారి దగ్గర పూలు పెట్టమ్మా, రాయి ముట్టుకోకు. మీరెక్కే రోజే నాకు హైదరాబాదుకి టిక్కెట్టు తియ్యండి. నవంబరు దాకా ఆగను."

"మళ్ళీ ఎప్పుడొస్తావు మామ్మా?" అన్నాడు ప్రీతమ్.

"సున్నం ఏటేటా వెయ్యాలి నాన్నా," అంది సూసన్. "ఇంక అక్కడే ఉంటాను."