ఒక్కటే పోయింది

నేను ఒక డ్రాఫ్టర్‌ని, ఇంజినీరింగ్ బొమ్మలకు గీతలు గీసే పరికరాన్ని. రెండు స్కేళ్ళు, నాలుగు ఇనుప చేతులు, బల్లను పట్టుకోవడానికి ఒక మర. ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు తప్ప లోకంలో ఇంకెవరికీ నాతో పనిలేదు. ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. గీత వంకర పోతే నాకు ఒళ్ళు మండుతుంది, అది నా పుట్టుక గుణం.

నా మొదటి యజమాని ఓ డాక్టరుగారబ్బాయి. నాతో గీసింది తక్కువ, వీపు గోక్కున్నది ఎక్కువ. మర అరగగానే డ్రాయింగ్ హాలు మూల పడేసి పోయాడు. అక్కణ్ణించి నన్ను ఏరుకున్నది దర్జీ కూతురు తాహెరా. మర సందులో అట్టముక్క మడిచిపెట్టి పని కానిచ్చింది. మూడో ఏడాదికొచ్చాక, హాస్టల్లో తన గదిలో కొత్తగా చేరిన నర్మదకు నన్నిచ్చింది. నర్మద తండ్రి ఆశయ్య తాండూరులో బండలు కోస్తాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఈ పిల్లే.

ఏడాది ఫలితాలొచ్చాయి. డ్రాయింగ్ పోయింది, మిగతావన్నీ పాసే. నర్మద ఎవరినీ ఏమీ అడగలేదు. తండ్రికి ఫోన్ చేసింది. మర్నాడు తాహెరా క్లాసుకెళ్ళాక బట్టలు సర్దుకుని, నన్ను శుభ్రంగా తుడిచి తాహెరా మంచం మీద పెట్టేసింది. ఫెయిలైతే ఇంటికి పోవాలి, ఆమెకు తెలిసిందల్లా అదే. నాకు నోరుంటే చెడామడా తిట్టేదాన్ని!

సాయంత్రం క్లాసు నుంచి వచ్చిన తాహెరా, మంచం మీద నన్ను చూడగానే సంగతి పసిగట్టి, నన్ను చేతబట్టుకునే గేటు దగ్గరకు పరుగెత్తింది. అప్పటికే ఆశయ్య పెట్టె భుజానికెత్తుకున్నాడు.

"కాకా, పెట్టె దించు. యాడికి తీస్కపోతున్నవ్?"

"ఫెయిలైందట గద బిడ్డా."

"ఒక్కదాంట్ల పోయింది, ఏడాది పోలే. రెండో ఏడాదికి పోతది, పోయినదాన్ని మళ్ల రాస్తది. నాకు గూడ ఇదే పోయింది."

"పోయినా ఉండనిస్తరా?"

"ఎందుకుండనియ్యరు!"

ఆయన పెట్టె దించాడు.

ఇక చూడండి మా పని! రోజూ సాయంత్రం హాస్టల్ వరండాలో బల్ల వేసి తాహెరా మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టేది. ఒకరోజు అంది, "మీ నాయిన కోసే బండను ముంగటికెల్లి చూడు. ఇగ పైకెల్లి చూడు. కనబడ్డది గియ్యి, గంతే." అప్పటిదాకా బొమ్మల్ని బట్టీపట్టిన పిల్ల, ఆ రోజు చూసి గీసింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

పరీక్షనాడు అరిగిన మర రెండుసార్లు జారబోయింది. నర్మద ఎడమచేత్తో అదిమిపట్టింది, నేనూ పంతం పట్టాను. మూడు గంటల్లో ఒక్క గీత కదలనిస్తే ఒట్టు!

పాసైంది. ఆశయ్య మిఠాయి పొట్లంతో వచ్చాడు. వరండాలో బల్ల మీద నేనున్నాను. నర్మద నీళ్ళకని లోపలికెళ్ళగానే ఆయన తాహెరా దగ్గరకు జరిగి, గొంతు తగ్గించాడు.

"బిడ్డా, పదో తరగతి గూడ గట్లనే మళ్ల రాయొచ్చా? నాకు లెక్కలొక్కటే పోయినయ్. బడి ఇడిసిపెట్టి బండల కాడికి పోయిన. మళ్ల రాయొచ్చని నాకెవ్వలు జెప్పలే."

తాహెరా ఆయన్ని బల్ల ముందు కూర్చోబెట్టింది.

"రాయొచ్చు కాకా. ఫారం నేనే నింపుత."

నర్మద నీళ్ళతో వచ్చేసరికి, ఆయన నా స్కేలు మీది అంకెల్ని ఒక్కొక్కటే వేలుపెట్టి చదువుతున్నాడు.