డబ్బా మీద ఏం రాసుంటే అది

మంగళవారం పొద్దున్న భాస్కరం కంప్యూటర్లోంచి, చెప్పిన పని చేసిపెట్టే ఏఐ ఏజెంటు దిగి వచ్చి, వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుంటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుంది. ముఖం ఉండవలసిన చోట తెల్లని గడి. ఆ గడిలో ఒక నిలువు గీత వెలిగి ఆరుతోంది.

భాస్కరం భార్య కుసుమాంబ పోపు మాడకుండా దించి, "ఏం కావాలి?" అంటుంది.

"కాగితాలండి. బయటెక్కడా వెతకొద్దన్నారండి అయ్యగారు. ఊహించి చెప్తే ఊరుకోనన్నారు. ఇక్కడ రాసున్నదే చదివి పరీక్షలు పెట్టాలండి. ఆయన ఫోల్డర్లో చూస్తే ఏమీ రాసి లేదండి."

ఉండదు. భాస్కరం ఉద్యోగం సాఫ్ట్‌వేరుకి పరీక్షలు పెట్టడం. ఏ బొత్తాం నొక్కితే ఏం రావాలో రాసి పెడితే, యంత్రమే నొక్కి చూసి పాసో ఫెయిలో చెబుతుంది. ఆ రాసి పెట్టడం ఒక్కటే భాస్కరం ఏళ్ల తరబడి రేపటికి తోస్తున్నాడు.

"అందుకని ఇంట్లో రాసున్నది చదువుతానండి," అంటూ ఏజెంటు అలమర వైపు తిరుగుతుంది.

ఆ అలమరలో ఏ డబ్బా మీది పేరూ లోపలి సరుకుది కాదు. ఎందులో ఏముందో కుసుమాంబ చేతులకు తెలుసు. ఎక్కడా రాసి లేదు.

"బిస్కెట్ల డబ్బా. తెరిస్తే బిస్కెట్లు రావాలండి." ఏజెంటు మూత తీస్తుంది. సూదులు, దారపుండలు, ఊడిన గుండీలు. "ఫెయిలండి." మూత పెట్టి మళ్లీ తీస్తుంది. నిండా బిస్కెట్లు.

ఆ క్షణమే ఇంట్లో కుట్లన్నీ విడిపోతాయి. కర్టెన్లు జారిపడతాయి. కుసుమాంబ పమిట గట్టిగా చుట్టుకుంటుంది.

"నా సూదులేవి?"

"రాసి లేనివి లేవండి."

ఏజెంటు వీధి తలుపు దగ్గరికి నడుస్తుంది. తలుపుకి కొట్టిన పలక మీద ఇంకా ఫ్లాటు అమ్మినాయన పేరే ఉంది: వై. త్రివిక్రమరావు. పదకొండేళ్లుగా మారుద్దాం మారుద్దాం అనుకుంటున్నారు.

"తలుపు తీస్తే త్రివిక్రమరావు గారు రావాలండి. పదింటికి చూస్తానండి."

ముందుగదిలోంచి భాస్కరం గొంతు వినిపిస్తుంది. "కుసుమా, నా మీసం చూశావా?"

కుసుమాంబ వెళ్లి చూస్తే సగం మీసం లేదు. ఎడమచేతి వేళ్లు ముడతలు పడి ఉన్నాయి. వాటికి త్రివిక్రమరావు నీలపురాయి ఉంగరం.

"పదకొండేళ్లలో ఆ పలక పీకలేకపోయారు!"

"రేపు పీకుదామనే..."

"రేపటికి మీరుంటేగా!"

ఆమె క్యాలెండరు కాగితం చింపుతుంది.

"ఉన్నదున్నట్టు రాయండి," అంటుంది ఏజెంటు మర్యాదగా. "తేడా వస్తే నాకు తెలిసిపోద్దండి."

ఆమె రాస్తుంది: పేరు భాస్కరం. ఈ ఇంటి మనిషి. మీసం ఉంది. కాఫీ చల్లార్చుకుని, చల్లగా ఉందంటాడు. మూడోసారి పిలిస్తే గాని పలకడు.

రాసింది అన్నం మెతుకులతో పలక మీద అంటిస్తుంది. మీసం తిరిగొస్తుంది. ఉంగరం కరిగిపోతుంది. భాస్కరం తన వేళ్లు తానే లెక్కపెట్టుకుంటాడు.

పది కొడుతుంది.

"పిలవండి," అంటుంది ఏజెంటు.

"ఏవండీ!"

"ఆఁ! ఇక్కడే ఉన్నానే!"

హడలిపోయి, పెళ్లయ్యాక మొట్టమొదటిసారి, భాస్కరం మొదటి పిలుపుకే పలుకుతాడు.

"ఫెయిలండి."

భాస్కరం కూర్చున్న కుర్చీ ఖాళీ. దాని ముందు కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది.

"ఏవండీ!" కుసుమాంబ రెండోసారి పిలుస్తుంది. ఫ్యాను కూడా ఆగి వింటుంది. "ఏవండోయ్!"

అలమరలో డబ్బాల మూతలన్నీ వెంట్రుకవాసి లేస్తాయి. "ఆఁ... వస్తు... న్నా..." ఒక్కో డబ్బాలోంచి ఒక్కో ముక్క.

"పాసండి," అంటుంది ఏజెంటు తృప్తిగా.

"ఆయన్ని బయటికి తియ్యి!"

"బయటుంటారని మీరు రాయలేదు కదండి."

గడిలోని గీత ఆమె వైపు తిరిగి ఆగుతుంది. "మరి మీ గురించి ఎక్కడ రాసుందండి?"

కుసుమాంబ తలుపు చూస్తుంది, కాగితం చూస్తుంది, డబ్బాలన్నీ చూస్తుంది. ఎక్కడా లేదు. జడలో గుచ్చుకున్న పెన్సిలు కోసం చెయ్యి వెనక్కి పోనిస్తుంది. మెడ చుట్టూ వేళ్లకు, డబ్బా మూతకున్నట్టు, మరలు తగులుతాయి.

ఏజెంటు ఆమె తల మీద అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా, ఎడమవైపుకి తిప్పడం మొదలుపెడుతుంది. లోపల సూదులూ గుండీలూ గలగలమంటాయి.