గౌరీకుమారి గారి బ్లాగులో ఒక వరుస

నేను ఒక వరుసను. విస్తళ్ళ వరుసను కాను, రేషను షాపు ముందు వరుసను కాను. ఒక బ్లాగు డేటాబేసులో సెట్టింగులు దాచే పట్టిక ఉంటుంది. అందులో నూట నలభై మూడో వరుసను. నాకు రెండు గళ్ళు. ఒకదాంట్లో నా పేరు, రెండోదాంట్లో నా విలువ. విలువ సున్నా అయితే చదివినవాళ్ళు రాసిన కామెంటు వెంటనే బ్లాగులో కనబడుతుంది. ఒకటి అయితే, యజమాని ఒప్పుకునేదాకా లోపలే పడి ఉంటుంది. ఇంతకుమించి నాకు వ్యక్తిత్వం లేదు. అది ఉన్నవాళ్ళను చూశాక, లేనందుకు బాధా లేదు.

నన్ను పుట్టించింది లిఖిత. విజయనగరంలో జూనియర్ కాలేజీ లెక్చరరు పైడిరాజు గారికి మేనకోడలు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అత్తయ్య గౌరీకుమారి గారి యాభయ్యో పుట్టినరోజుకి చీర కొనే తీరిక లేక బ్లాగు పెట్టి ఇచ్చింది. నా గడిలో సున్నా వేసింది. అత్తయ్యకు రాసే పేజీ ఒక్కటే తెరుచుకునే లాగిన్ ఇచ్చి, మిగతా తాళాలన్నీ మామయ్యకు అప్పగించింది. మనవాళ్ళు ఆడవాళ్ళకు బహుమతి ఇచ్చే పద్ధతే అది. ఫ్రిజ్ ఆవిడకి, వారంటీ కార్డు ఆయనకి.

ఆవిడ అద్దె ఇళ్ళ గురించి రాశారు. భర్త బదిలీల పుణ్యమా అని పంతొమ్మిది ఇళ్ళు మారారు. ఒక్కో ఇంటికి ఒక్కో వ్యాసం. నీళ్ళు వదిలే వేళలు, మేడమీద బట్టలు ఆరేయనివ్వని ఓనరమ్మ, చుట్టం మూడో రోజు కూడా ఉంటే మెట్ల మీద వినబడే దగ్గు. జనం వచ్చి చదివారు, చదివి రాశారు. ఆవిడ పొయ్యి మీద టీ పెట్టి కామెంట్లు తెరిచేవారు. టీ పొంగిపోయేది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో స్టవ్వుకి మరకలు పోలేదు.

ఏడో ఇంటి దగ్గర చెడింది. సాలూరులో ఇల్లు ఖాళీ చేస్తూ, పైడిరాజు గారు గోడలకు తాను కొట్టిన మేకులన్నీ పీకి, వంకరవి సుత్తితో సాపు చేసి, డబ్బాలో పోసి వెంట తెచ్చుకున్నారని రాశారు. మొత్తం పదిహేడు. బాత్రూం బల్బు సరేసరి. ఆవిడ ప్రేమగానే రాశారు. కానీ ప్రేమగా రాసినా మేకులు మేకులే. అరవై మంది కామెంట్లు పెట్టారు. ఒకాయన 'మేకుల మాస్టారికి నమస్కారాలు' అన్నాడు. మర్నాడు స్టాఫ్ రూములో ఫిజిక్స్ లెక్చరరు కుర్చీ జరిపి, "కూకోండి మాస్టారూ. దీనికీ మేకులున్నాయి, ఎల్లినప్పుడు మాత్రం ఒగ్గీండి" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన నా దగ్గరికి వచ్చారు. సెట్టింగుల పేజీలో ఒక బటన్ నొక్కితే అయిపోయే పని. కానీ బటన్ ఎవరైనా నొక్కుతారు. వెనకోసారి బ్లాగు పేరు మార్చడానికి లిఖిత ఫోనులో చెప్పగా డేటాబేసు తెరిచిన మనిషి ఆయన. అప్పట్నుంచీ కాలనీలో "డేటాబేసంతా నేనే చూసుకుంటాను" అని చెప్పుకుంటున్నారు. నలభై నిమిషాలు వెతికి నన్ను పట్టుకున్నారు. సున్నా చెరిపి ఒకటి వేశారు. చేతులు కడుక్కుని టిఫినుకి కూర్చున్నారు.

మొదటి వారం ఆవిడ నెట్ స్లో అనుకున్నారు. రెండో వారం రౌటరుని ఆపి మళ్ళీ వేశారు. మూడో వారం, ఎవరూ ఏమీ రాయట్లేదేమని భర్తను అడిగారు. జనానికి ఓపికేదని, నువ్వే కాస్త సాగదీస్తున్నావేమోనని ఆయన పేపరు దించకుండా చెప్పారు. ఆవిడ వ్యాసాలు పొట్టివి చేశారు. లోపల నా దగ్గర అప్పటికి ఎనభై కామెంట్లు ఆగి ఉన్నాయి. వాటిలో సగం, ఇంకొంచెం పొడుగ్గా రాయమనే.

పద్దెనిమిదో ఇల్లు పెట్టిన రోజు ఆవిడ అన్నారు: "ఒక్కరు చదివేరని తెలిస్తే చాలండీ, రాస్తాను. ఆఖరి ఇంటికి కూడా ఎవరూ పలక్కపోతే మానేస్తాను."

"నీ ఇష్టం" అన్నారాయన.

పంతొమ్మిదో ఇల్లు పార్వతీపురంలోది. దానికొచ్చిన కామెంటు ఒకటి ఇది. 'ఆ ఇంట్లో ఇప్పుడు మేముంటున్నామండీ. వంటింటి తలుపు వెనక మీ అమ్మాయి ఎత్తు గీతలు అలాగే ఉన్నాయి. సున్నం వేయించినప్పుడు ఓనరుతో దెబ్బలాడి వాటి జోలికి రానివ్వలేదు. మా పాప ఇప్పుడు నాలుగో గీత దగ్గరుంది.' అది నా వెనక్కి వచ్చి నిలబడింది. నా విలువ ఒకటి. వదల్లేదు. జాలికి నాలో గడి లేదు.

ఆవిడ పదిహేను రోజులు చూసి మానేశారు.

మానేసిన మనిషికి తీరిక దొరికింది. ఆ తీరికంతా పైడిరాజు గారి మీద పడింది. ఆయన కూరలో ఉప్పు తగ్గింది. ఫోను ఎవరితో, పేపరు ఎంతసేపు అని ఆరాలు మొదలయ్యాయి. ఆవిడ అటక సర్దుతూ ఆయన మేకుల డబ్బాని పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. ఆ రోజే ఆయన మనసు మారింది. పశ్చాత్తాపం అనుకుని కంగారు పడకండి. ఆవిడ రాసుకుంటేనే తనకు సుఖం అని అర్థమైంది, అంతే.

ఈసారి వరుస వెతికే ఓపిక లేక, లిఖిత అప్పట్లో చెప్పిన ఆజ్ఞ రాసుకున్న డైరీ తీశారు. ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చిన చిన్న డైరీ. 'ఈ పట్టికలో విలువ ఇలా మార్చు' అన్న ముక్కతో పేజీ అయిపోయింది. 'ఫలానా పేరున్న వరుసలో మాత్రమే' అన్న ముక్క వెనక పేజీలో ఉంది. ఆయన ఒక పేజీ చూసి కొట్టారు, విలువ దగ్గర సున్నా వేసి.

మేం మూడు వందల పన్నెండు వరుసలం. అందరం ఒకేసారి సున్నా అయ్యాం. బ్లాగు పేరు సున్నా, చిరునామా సున్నా, భాష సున్నా. దేశంలో సమానత్వం ఇంత త్వరగా ఎక్కడా రాలేదు. బ్లాగు తెరిస్తే తెల్ల కాగితం.

లిఖితకు ఫోను వెళ్ళింది. ఆ పిల్ల ఆఫీసు మీటింగులో మైకు ఆపుకుని, పాత నకలు తీసి మా పట్టికను మళ్ళీ నిలబెట్టింది. నా ఒకటి నాకు తిరిగొచ్చింది. అప్పుడు నా వెనక ఉన్నవి ఆమెకు కనబడ్డాయి.

"మామయ్యా, లోపల నాలుగు వందలకి పైగా కామెంట్లు ఆగున్నాయి. అత్తయ్యకి తెలుసా?"

ఆయన వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించారు. "అయ్యన్నీ స్పామేనమ్మా. తీసీయ్. అలగే ఆ కామెంట్ల సెట్టింగు కూడా సున్నా చేసీయ్."

ఆమె ఒక్కటి తెరిచి చూస్తే చాలు. కానీ మీటింగులో ఎవరో ఆమె పేరు పిలిచారు. లిఖిత చదువుకున్న పిల్ల. షరతు రాయడం మరచిపోలేదు. ఆగి ఉన్న కామెంట్లు మాత్రమే పోయాయి, నేనొక్కదాన్నే సున్నా అయ్యాను. మిగతావి వేటికీ గీత కూడా పడలేదు. కామెంట్లకు నకలు తీసి పెట్టాలని ఎవరికీ తోచలేదు.

బ్లాగు బాగుచేయించానని పైడిరాజు గారు భార్యకు చెప్పారు. ఆయన మధ్యాహ్నమంతా తన కోసం కంప్యూటరు ముందు చెమటలు కక్కారని ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎవరూ చదవకపోయినా తన రాతను నిలబెట్టినవాడు ఒక్కడున్నాడని, ఇరవయ్యో వ్యాసం ఆయన మీదే రాశారు. మేకుల ఊసు లేదు. పాఠకులు అప్పటికి వేరే బ్లాగులకు వెళ్ళిపోయారు. జవాబు లేని చోట ఎంతకాలం ఉంటారు? ఒకే కామెంటు వచ్చింది. పైడిరాజు గారిది. 'బాగుంది' అని.

ఆవిడ దాన్ని ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టారు. పదకొండు మంది ఆయనకు దండాలు పెట్టారు. లిఖిత 'మామయ్య గ్రేట్' అంది. బ్లాగు మాత్రం ఎవరూ తెరవలేదు. ఎందరు తెరిచారన్న లెక్క నా పక్క వరుసలో ఉంటుంది.